కళ్లు తెరిస్తే కాలువలో చెత్త... ధ్యానం సాగేదెలా?

ప్రశ్న: మాది విజయవాడ. రైవస్ కాలువ గట్టున అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేసినప్పటినుంచి రోజూ తెల్లవారుజామున గంట కూర్చుంటున్నాను. లేచి బాల్కనీలోకి వచ్చేసరికి స్కూటర్ల మీద వచ్చినవాళ్లు పూజ చేసిన పూల కవర్లు, చెత్త మూటలు కాలువలోకి విసిరి పోతుంటారు. ఒళ్లు మండిపోతుంది. మర్నాడు కూర్చున్నా అదే గుర్తొస్తుంది. 2024 వరదలో సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు మునిగింది. అప్పటినుంచి గట్టిగా వాన పడితే గుండె దడ. ‘బయట ఇంత నాశనం జరుగుతుంటే కళ్లు మూసుకుని కూర్చుంటావేంటమ్మా’ అంటాడు మా అబ్బాయి. అన్నిటినీ సమంగా చూడాలంటారు కదా, నాకింత కోపం వస్తోందంటే సాధన చెడినట్టేనా? మరో సంగతి: దోమల్ని చంపకుండా, మేడమీద మొక్కలకు పురుగుమందు కొట్టకుండా ఉండటం సాధ్యమేనా?
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: సాధన చెడలేదు. కోపం వచ్చిందని మీకు తెలుస్తోందంటే సాధన పనిచేస్తున్నట్టే. అయితే ‘సమంగా చూడటం’ గురించి మీకున్న అనుమానం చాలామందికి ఉంటుంది. దాన్ని ముందు తేల్చుకోవాలి.

బుద్ధుడి సుత్తాలను, అంటే ఉపదేశాలను, కూర్చిన సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో మహారాహులోవాద సుత్తం ఉంది. అందులో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి ‘భూమిలా ఉండు’ అని చెబుతాడు. జనం భూమ్మీద శుభ్రమైనవీ వేస్తారు, మలమూత్రాలూ ఉమ్మీ నెత్తురూ వేస్తారు, భూమి అసహ్యించుకోదు. ‘నీటిలా ఉండు’ అని కూడా చెబుతాడు. నీళ్లలో ఏం కడిగినా నీరు రోయదు. ఇక్కడికే ఆగిపోతే, కాలువలో ఏం పడితే మనకేం, మనసు కదలకుంటే చాలు అనిపిస్తుంది. కానీ అదే బుద్ధుడు భిక్షువులకు పెట్టిన సేఖియ నియమాల్లో, అంటే నడవడి నియమాల్లో, చివరి రెండూ చూడండి. జబ్బు చేస్తే తప్ప పచ్చని మొక్కల మీద మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు. నీళ్లలోనూ అంతే. అన్నిటినీ భరించే నీరు కదా అని అందులో ఉమ్మడానికి ఆయన ఒప్పుకోలేదు. మనసు నీటిలా ఉండాలి, చెయ్యి నీటిని కాపాడాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి పట్టుకున్నా దారి తప్పుతుంది. ఒంటరిగా మొదటిదే పట్టుకున్నవాళ్లు మొద్దుబారిపోతారు, రెండోదే పట్టుకున్నవాళ్లు కొన్నాళ్లకు అలిసి, అందరినీ తిట్టుకుంటూ మిగిలిపోతారు.

ఇక గంటసేపు కూర్చున్నప్పుడు ఏం చేయాలో చెబుతాను. శిబిరంలో మొదటి మూడు రోజులూ ఆనాపానం (శ్వాసను గమనించడం), నాలుగో రోజు నుంచి విపశ్యన (ఒంట్లోని అనుభూతుల్ని గమనించడం), చివర మైత్రీ భావన (అందరి సుఖం కోరుకోవడం) నేర్పి ఉంటారు. ఆ వరస మార్చక్కర్లేదు. కాలువ గుర్తొచ్చిన క్షణంలో మీరేం చేస్తున్నారన్నదే చూసుకోవాలి. ‘నాకు కోపం రాకూడదు’ అని దాన్ని నొక్కేసి శ్వాస మీదికి బలవంతంగా లాగితే, ఆ నొక్కిన కోపం లేచాక ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఇంకో పొరపాటు పైకి తెలియదు: కోపానికి మాటలు అందించడం. ఆ స్కూటరతన్ని ఆపి ఏమని అడగాలి, మునిసిపాలిటీకి ఏమని రాయాలి అనుకుంటూ పోతే పావుగంట గడిచిందన్న సంగతే తెలియదు. పైగా అది మంచి పనిలా కనబడుతుంది కాబట్టి వదలబుద్ధి కాదు.

మొదటి పది నిమిషాలు ముక్కుపుటాల దగ్గర శ్వాసనే చూడండి. కాలువ గుర్తు రాగానే ఆ దృశ్యాన్ని వదిలి ఒంట్లోకి రండి. దవడలు బిగుసుకున్నాయా, రొమ్ములో వేడిగా ఉందా, వేళ్లు ముడుచుకుపోయాయా అని చూడండి. చాలామందికి ముందు తెలిసేది దవడే. అక్కడే ఉండండి. ఆ బిగువులో స్కూటరూ లేదు, కవరూ లేదు. ఉన్నది దుఃఖవేదన, అంటే బాధగా తోచే అనుభూతి, ఒక్కటే. అది పెరగొచ్చు, పక్కకు జరగొచ్చు, పలచబడొచ్చు. తగ్గించాలని చూడకండి. మారిందని తెలిశాక మళ్లీ శ్వాస దగ్గరికి రండి. సల్ల సుత్తంలో చెప్పిన రెండు బాణాలు ఇవే. కాలువలో మూట పడటం చూసినప్పుడు కలిగిన నొప్పి మొదటి బాణం. అది తగలక మానదు. దాని మీద రోజంతా నడిపే వాదన రెండోది. అది మనం వేసుకున్నదే.

ఒకే దృశ్యం మూడు నాలుగుసార్లు లాక్కెళ్లిపోతుంటే ఇంకా పట్టుదలగా కూర్చోకండి. లేచి చంక్రమణం, అంటే నడక ధ్యానం, చేయండి. మేడమీద పాతిక అడుగుల నిడివి ఉంటే చాలు. ఒకవైపు నడిచి, ఆగి, రెండు శ్వాసలు నిలబడి, తిరిగి రావాలి. కాలు లేవడం, ముందుకు జరగడం, నేల మీద ఆనడం, ఈ మూడే గమనించాలి. నడక మామూలుకన్నా కాస్త నెమ్మదిగా ఉంటే సరిపోతుంది. మరీ తాబేలు నడక నడిస్తే తూలిపడతారు, ధ్యాసంతా నిలదొక్కుకోవడం మీదే పోతుంది. సుత్తాల మరో సంపుటం అంగుత్తర నికాయంలో చంక్రమణానికి చెప్పిన అయిదు లాభాల్లో చివరిది, నడుస్తూ సాధించిన సమాధి ఎక్కువకాలం నిలుస్తుందన్నది. కోపంలో ఉన్న మనసుకు కూర్చోవడంకన్నా ఇదే తొందరగా పట్టునిస్తుంది.

ఫిర్యాదు ఆలోచనలు వస్తాయి, వాటిలో పనికొచ్చేవీ ఉంటాయి. వాటికి కూర్చున్న గంటలో చోటివ్వకండి. లేచాక నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోండి. అది రెండు రోజుల్లోపు మీ చేత్తో చేయగలిగిన పని అయి ఉండాలి. ‘జనం మారాలి’ అన్నది పని కాదు. ‘పూజ పూలు వేసే డ్రమ్ము పెట్టడం గురించి వాచ్‌మన్‌తో మాట్లాడాలి’ అన్నది పని.

మీది కరుణా, దుఃఖమా అని తేల్చుకోవడానికి ధ్యాన మార్గాన్ని వివరించే పాత బౌద్ధ గ్రంథం విసుద్ధిమగ్గం మంచి కొలత ఇచ్చింది. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దాన్ని ఎవరైనా పోల్చుకుంటారు. దగ్గరి శత్రువు శోకం, అది కరుణ వేషంలోనే వస్తుంది. ఉపేక్షకు, అంటే అన్నిటినీ సమంగా చూడటానికి, దగ్గరి శత్రువు తెలివిలేని నిర్లిప్తత. కాలువను చూసినప్పుడు చెయ్యి ఏదైనా చేయడానికి కదిలితే అది కరుణ వైపు ఉంది. చేతులు చచ్చుబడి, ఏం చేసినా ఇంతేలే అనిపిస్తే అది శోకం. ‘అంతా అనిత్యం కదా’ అని కిటికీ వేసుకుంటే అది నిర్లిప్తత, అన్నిటిలోకీ ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని మనం ప్రగతి అనుకుంటాం. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటి ఉంటే కూర్చునే సమయం తగ్గించి, నడక పెంచి, వైద్యుణ్ని కలవండి. ధ్యానం దానికి బదులు కాదు.

మైత్రీ భావనలోనూ ఒక జాగ్రత్త అవసరం. స్కూటరతనితో మొదలుపెట్టకండి. విసుద్ధిమగ్గం చెప్పిన వరస తనతో మొదలై, ఇష్టమైనవాళ్లు, మామూలు పరిచయస్తులు, చివరికి పగవాళ్లు. శత్రువుతో మొదలుపెడితే మైత్రి పుట్టదు, కోపమే తిరగబెడుతుంది. మీ వరసలో మధ్యన కాలువలోని చేపనీ, గట్టు మీది ఉడతనీ పెట్టుకోండి. మైత్రి గురించి చెప్పే కరణీయ మెత్త సుత్తం కనిపించేవీ కనిపించనివీ, దూరాన ఉన్నవీ దగ్గరున్నవీ అంటూ, పుట్టినవీ పుట్టబోయేవీ అని కూడా అంటుంది. ఇంకా పుట్టనివాళ్ల సుఖం కోరుకోవడం రెండున్నర వేల ఏళ్ల కిందటి సాధనలోనే ఉంది.

వాన దడ సంగతి. దీనికి సతిపట్ఠానంలోనే, అంటే ఎరుకను నిలిపే సాధన చెప్పిన సుత్తంలోనే, ఉన్న ధాతు మనసికారం, అంటే భూమి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు ధాతువుల పరిశీలన, బాగా పనికొస్తుంది. అది కాయానుపస్సనలో, అంటే శరీరాన్ని గమనించే సాధనలో, భాగమే కాబట్టి మీ పద్ధతికి పరాయిది కాదు. అయినా మీరు నేర్చుకున్నది కలగాపులగం కాకుండా, కూర్చున్న గంటలో కాక స్నానం చేసేటప్పుడో గిన్నెలు తోమేటప్పుడో చేయండి. వెంట్రుకలు, గోళ్లు, పళ్లు, ఎముకలు ఒంట్లోని పృథ్వి. నెత్తురు, చెమట, కన్నీరు ఒంట్లోని నీరు. కుళాయిలోంచి వచ్చేది బయటి నీరు. ఈ పూట తాగిన కృష్ణ నీళ్లు రేపటికి చెమటగా బయటికి వస్తాయి. రెండూ నీటి ధాతువే, ఏదీ నాది కాదు. ఇలా వారం పది రోజులు చేశాక కాలువ ‘అక్కడ’ ఉన్నట్టు, మీరు ‘ఇక్కడ’ ఉన్నట్టు అనిపించడం కాస్త తగ్గుతుంది.

మహాహత్థిపదోపమ సుత్తంలో బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడు దీన్నే ఇంకా ముందుకు తీసుకెళతాడు. బయటి నీటి ధాతువు ఒక్కోసారి ఉప్పొంగుతుంది, ఊళ్లనూ పట్టణాలనూ దేశాలనూ ఈడ్చుకుపోతుంది. ఒక్కోసారి సముద్రమే వెనక్కి తగ్గి వేలు తడవనంతగా ఇంకిపోతుంది అంటాడు. గాలి గురించి చెప్పింది చదివితే రోహిణి కార్తెలో మన ఊరిని చూసి చెప్పినట్టుంటుంది. ఎండాకాలం చివరి నెలలో జనం విసనకర్రలతో గాలి కోసం వెతుకుతారు, ఇంటి చూరున వేలాడే గడ్డిపరక కూడా కదలదు. ఇంత పెద్ద ధాతువులే ఇలా మారుతుంటే ఈ ఒళ్లు ‘నేను, నాది’ ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. వాన మొదలవగానే చప్పుడును చప్పుడుగా వినండి, రేకు మీద, ఆకు మీద, నేల మీద పడే తేడా వినండి. దడ వస్తే అదీ ఒంట్లో ఎక్కడుందో చూడండి. అంతమాత్రాన వరద భయం అర్థం లేనిదని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కాబట్టి వినడంతోపాటు మీ చెల్లెలు ముఖ్యమైన కాగితాలు పై అరలో పెట్టుకున్నారా, మందులు, టార్చి, తాగునీళ్లు ఒక సంచిలో సిద్ధంగా ఉన్నాయా అన్నదీ వానాకాలానికి ముందే చూసుకోండి. ఏర్పాటు చేసుకున్నాక మిగిలిన దడను ధ్యానంతో చూడొచ్చు. ఏర్పాటు చేసుకోకుండా దడను మాత్రం చూస్తూ కూర్చోవడం తెలివి కాదు.

ఇప్పుడు కాలువ. విసిరేవాళ్లలో రెండు రకాలు ఉన్నారు, వాళ్లను విడదీసి చూడకపోతే ఏ పనీ సాగదు. చెత్త మూట విసిరేవాళ్ల ఇంటికి చెత్త బండి వచ్చే వేళకు చాలావరకు ఎవరూ ఉండరు. పూల కవరు విసిరేవాళ్లది వేరే ఇబ్బంది. దేవుడి పూలు తొక్కుడు పడకూడదు, చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, పారే నీళ్లలో కలపాలనుకుంటారు. ఆ భక్తి నిజమైనది. దానికి ఇంకో చోటు చూపిస్తే చాలామంది కవరు విప్పి ఇస్తారు. తప్పు చేస్తున్నారని మొహం మీద అంటే మాత్రం మర్నాడు వంద గజాలు అవతలికి వెళ్లి విసురుతారు.

మీ అపార్ట్‌మెంట్‌లో నిర్మాల్యం ఎరువు మొదలుపెట్టండి. ఇరవై ఇళ్లకు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు సరిపోతాయి. ఒకటి నిండుతుండగా రెండోది పండుతుంటుంది. చుట్టూ జానెడు ఎడంతో వేలు దూరేంత బెజ్జాలు, అడుగున ఇంకో పది వేయించి ఇటుకల మీద నిలబెట్టాలి, నీరు కిందికి దిగడానికి. అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పీచు, ఎండుటాకులు పరవాలి. పూలు వేసేముందు దారం, జరీ, వెండి రంగు కాగితం, అగరుబత్తి ప్యాకెట్లు, ప్లాస్టిక్ దండలు తీసేయాలి. ఇక్కడే ఎక్కువ డ్రమ్ములు పాడవుతాయి. దారాలు చిక్కుపడితే కలియబెట్టడం కుదరదు, కలియబెట్టకపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే కుళ్లు వాసన వస్తుంది, వాసన వస్తే మూడో వారానికి అసోసియేషన్ మీటింగులో డ్రమ్ము తీసేయమంటారు. పూలు నాలుగు వేళ్ల మందం పడగానే దానికి రెట్టింపు ఎండుటాకులు వేయాలి. పులిసిన మజ్జిగ ఒక గ్లాసు నీళ్లలో కలిపి చల్లితే తొందరగా మొదలవుతుంది. వారానికోసారి కర్రతో అడుగుదాకా తిరగేయాలి. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకులు తక్కువయ్యాయి. పొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. మన ఊరి వేసవిలో రెండు రోజులకోసారి చల్లక తప్పదు. తెల్లటి బూజు మంచిదే, భయపడకండి. తెల్ల పురుగులు కనిపిస్తే పైన ఎండుటాకుల పొర పలచబడిందని అర్థం. రెండు నెలలకు, కొంచెం అటూ ఇటూగా, నల్లగా మట్టి వాసనతో తయారవుతుంది. కుండీల్లో నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు కలపండి. బయటివాళ్ల పూలు తీసుకునేటప్పుడు వాళ్లతో ఒక్కటే మాట చెప్పండి: ‘మొక్కలకు వేస్తామండీ.’

చెత్త మూటల సంగతి మీ వార్డు సచివాలయంలో పారిశుధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శితో మాట్లాడండి. ఏ రోజు, ఏ వేళలో, గట్టు మీద ఏ చోట ఎక్కువ పడుతోందో వారం పాటు రాసుకుని ఆ కాగితంతో వెళ్లండి. ‘కాలువ పాడైపోతోందండీ’ అంటే విని ఊరుకుంటారు. ఫలానా వంతెన పక్కన, ఉదయం ఆరూ ఏడూ మధ్య అంటే బండి వేళ మార్చడమో అక్కడో డబ్బా పెట్టడమో తేలుతుంది. విసిరేవాళ్ల మొహాలు ఫోన్లో తీసి పంచకండి. అది గొడవగా మారుతుంది, మీ మనసుకూ మంచిది కాదు. కాలువలోకి మీరు దిగొద్దు. గాజుపెంకులు, సూదులు ఉంటాయి, లోతు తెలియదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున పేరుకున్నదంతా బయటపడుతుంది. పూడిక తీయించమని అడగడానికి అదే అదను. డెల్టాకు నీళ్లు వదిలాక అవి ఆ చెత్తతో సహా పొలాలకే పోతాయి.

దోమలు. ప్రాణాతిపాతం, అంటే ప్రాణిని చంపడం, అయిదు అంగాలతో పూర్తవుతుంది: ప్రాణి ఉండటం, అది ప్రాణి అని తెలియడం, చంపాలన్న ఉద్దేశం, ప్రయత్నం, దానివల్ల చావు. దోమ పుట్టకుండా చేస్తే వీటిలో ఒక్కటీ ఉండదు. అందుకే అసలు పని అక్కడుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు. కాబట్టి వారానికి ఒకరోజు కూలరు, కుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక తొట్టి, మేడమీద వదిలేసిన కొబ్బరి చిప్పలు ఖాళీచేసి ఆరబెట్టాలి. ఒట్టి ఖాళీ చేస్తే చాలదు, గోడలు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. సంపు మూత, ట్యాంకు గాలిగొట్టం, పొంగుగొట్టం అన్నిటికీ సన్నజాలీ బిగించండి. కూర్చునేటప్పుడు దోమతెర కట్టుకోండి, అందులో తప్పేమీ లేదు. భిక్షువు నివాసాన్ని వాడుకునేముందు చేసే ప్రత్యవేక్షణలోనే, అంటే ఎందుకు వాడుతున్నానో తలుచుకోవడంలోనే, ‘ఈగలు, దోమలు, గాలి, ఎండ, పాకే పురుగులనుంచి కాచుకోవడానికి’ అని ఉంది. మూసిన గదిలో కాయిల్ వెలిగించుకుని దీర్ఘశ్వాస తీసుకోవడం మాత్రం మానండి. తొట్టిలో దోమ పిల్లలు ఇప్పటికే ఉంటే? ఆ నీళ్లు ఎండలో పారబోస్తే అవి చస్తాయి, చంపలేదని మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. ఇంట్లో పిల్లలకు డెంగీ రాకుండా ఆ పని చేయాల్సి వస్తే కోపం లేకుండా చేయండి, వచ్చే వారం మరిచిపోకుండా ముందే ఆరబెట్టండి.

చీమలకు మందు చాక్‌పీసు గీయకండి, అందులో ఉండేది విషమే. అవి నడిచే బాటను సబ్బునీళ్ల గుడ్డతో తుడిచేస్తే వాసన గుర్తు పోయి దారి మళ్లుతాయి. పంచదార డబ్బా నీళ్ల పళ్లెంలో పెట్టే మన పాత పద్ధతి ఉండనే ఉంది. మొక్కలకు పిండినల్లి పడితే పైపు నీళ్ల ధారతో ఆకుల అడుగుభాగం కడగండి, బాగా పట్టిన కొమ్మ కత్తిరించి దూరంగా వేయండి. అప్పటికీ ఆగకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక మిల్లీలీటరు కుంకుడు రసమో ద్రవ సబ్బో కలిపి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకులు మాడతాయి. పూల మీద పడనివ్వకండి, తేనెటీగలు వస్తాయి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పుణ్యం కోసం చేపలనూ పక్షులనూ కొని వదిలే అలవాటు ఉంది. పంజరంలో పక్షిని కొంటే వేటగాడు రేపు ఇంకోదాన్ని పడతాడు. పైగా మన చిలుకల్ని పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బజారులో కొన్న తిలాపియానో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌నో కృష్ణలో వదిలితే అవి అక్కడి చేపపిల్లల్ని బతకనివ్వవు. ప్రాణదానం చేయాలనిపిస్తే ఆ డబ్బు పక్షులకు నీళ్లు పెట్టే మట్టి మూకుళ్లకు పెట్టండి. మూడు వేళ్ల లోతు, మధ్యలో ఒక రాయి, రోజూ మార్చే నీళ్లు ఉండాలి. మార్చకపోతే అదీ దోమల తొట్టే.

వీటన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, రెండు వారాల్లో చేతులెత్తేస్తారు. దీనికి బౌద్ధంలోనే మంచి గడువు ఉంది, వర్షావాసం, అంటే వానాకాలం ఒకేచోట ఉండటం. వానాకాలంలోనూ తిరుగుతూ శ్రమణులు (బౌద్ధ భిక్షువులు) పచ్చగడ్డి తొక్కేస్తున్నారు, చిన్న ప్రాణుల్ని చంపేస్తున్నారు, పక్షులు కూడా చెట్ల మీద గూళ్లు కట్టుకుని కుదురుగా ఉంటాయే అని జనం తప్పుపట్టారు. దాంతో బుద్ధుడు మూడు నెలలు ఒకేచోట ఉండమన్నాడు. నేలనూ గడ్డినీ చూసి పెట్టిన నియమం అది. ఆషాఢ పూర్ణిమ మర్నాటినుంచి మూడు నెలలకు మీరూ మూడే మూడు పెట్టుకోండి: రోజూ కూర్చునే గంట, పూల డ్రమ్ము, ఒక చెట్టు.

చెట్టు ఇప్పటికే ఉన్నదైతే దాని మొదలు చూడండి. చుట్టూ సిమెంటు చేసి ఉంటే కనీసం మీటరు మేర తొలిపించండి. కాండానికి చుట్టిన ఫ్లెక్సీ తీగలు విప్పండి. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొరలోంచే వేళ్లకు దిగుతుంది, చెట్టు లావెక్కేకొద్దీ తీగ ఆ దారిని కోసేస్తుంది. కొత్తగా నాటితే కానుగ, నేరేడు, పొగడ, వేపల్లో ఏదైనా మంచిదే. రావిని గోడకూ డ్రైనేజీకీ దూరంగా నాటాలి. రెండడుగుల గొయ్యి తీసి, నర్సరీ కవరు పూర్తిగా చింపి తీసి, అడుగున చుట్టుకుపోయిన వేళ్లు కత్తిరించి, కవరులో మట్టి ఎంతవరకు ఉందో అంతే లోతులో నాటాలి. మొదలు చుట్టూ ఎండుటాకులు బెత్తెడు మందాన పరచండి, కాండానికి నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, ఆనించి పరిస్తే బెరడు కుళ్లుతుంది. నాటిన మొక్కల్ని చంపేది మొదటి రెండు వేసవులే. మూడు నాలుగు రోజులకోసారి ఒక బకెట్ నెమ్మదిగా పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఎవరైనా చెట్టు కొట్టబోతే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి ఉందా అని అడిగే హక్కు మీకుంది.

ఆ చెట్టు దగ్గరే పావుగంట వినండి. కళ్లు సగం మూసి, కాకి అరుపును అరుపుగా, హారన్‌ను హారన్‌గా. ‘విన్నదాంట్లో విన్నదే ఉండనీ’ అని బాహియుడు అనే సాధకుడికి బుద్ధుడు చెప్పిన సాధన ఇది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టే రోజుల్లో ఇలా కూర్చోవడానికి చాలా బాగుంటుంది. అయితే గట్టు దిగి గూళ్ల దగ్గరికి పోకండి. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు ఉడుకుతాయి, కాకులు ఎత్తుకుపోతాయి.

వాడకం తగ్గించే విషయంలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడి జవాబు మీ పిల్లలకు పాఠంగా చెప్పదగింది. ఉదయన రాజు రాణులు ఆయనకు 500 వస్త్రాలు దానం చేస్తే, ఇన్ని ఏం చేసుకుంటారని రాజు నిలదీశాడు. చీవరాలు, అంటే కట్టుకునే వస్త్రాలు, చిరిగిన భిక్షువులకు పంచుతాం. మరి పాతవి? పైదుప్పట్లు. ఆ పాత దుప్పట్లు? పరుపు గలేబులు. అవి చిరిగితే నేల మీద పరుచుకునేవి, తర్వాత కాళ్లు తుడుచుకునేవి, తర్వాత దుమ్ము దులిపేవి, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుతాం అన్నాడు. ఇంట్లో ఒక పాత చీరతో ఈ వరసంతా చేసి చూడండి. ఏసీ వేసేముందు కూడా ‘ఎండను తప్పించుకోవడానికి మాత్రమే’ అని ఒక్కసారి అనుకుంటే 22 దగ్గర ఉన్న వేలు 26 దగ్గరికి వస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు ఆరు శాతం ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది.

మీ అబ్బాయితో వాదించకండి. డ్రమ్ములకు బెజ్జాలు వేసే పని అతనికి ఇవ్వండి. వార్డు సచివాలయానికి వెళ్లేటప్పుడు తోడు రమ్మనండి.

మూడు నెలల మధ్యలో ఊరికి వెళ్లాల్సి వస్తే వ్రతం చెడిందని వదిలేయకండి. తల్లిదండ్రులకో తోటివాళ్లకో జబ్బు చేస్తే, తప్పనిసరి పని పడితే, భిక్షువులకు కూడా ఏడు రోజుల్లో తిరిగొచ్చేలా వెళ్లడానికి వినయం, అంటే భిక్షువుల నియమావళి, అనుమతిస్తుంది. మీరూ అదే లెక్క పెట్టుకోండి. వెళ్లేముందు డ్రమ్ము తిరగేసి, పైన ఎండుటాకులు కప్పి, చెట్టుకు నీళ్లు పోసే పని పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లండి.